అంతరాయానికి చింతిస్తున్నాము

"అక్కా, నీ పిండి పేలింది."

పొద్దున ఆరున్నరకు ఫోన్ చేసి ఎవరైనా ఈ మాట అంటే ఏం జవాబియ్యాలో నాకు తెలీలేదు. ఒక క్షణం అట్లే నిలబడి, "ఎన్ని ప్యాకెట్లు అన్నా?" అన్నాను. 14 ఏండ్లు ఇంకొకరి అంగట్లో చిట్టా రాసినదాన్ని. ఇల్లు అంటుకున్నా ముందు లెక్కే అడుగుతానేమో.

11 ప్యాకెట్లు. రెండు వీధుల అవతల ఒక కిరాణా అంగడి, దాంట్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్, ఆ ఫ్రిజ్‌లో నేను ముందురోజు సాయంత్రం పెట్టి వచ్చిన కిలో దోసె పిండి ప్యాకెట్లు. పోయి చూస్తే సీసాలకు, పెరుగు ప్యాకెట్లకు, లోపలి బల్బుకు కూడా పిండి పూసి ఉంది. పెనం మీద నేను ఎంత జాగ్రత్తగా తిప్పినా అంత సమంగా రాదు. సంగతేమంటే, ఆయన రాత్రి అంగడి మూసేటప్పుడు ఫ్రిజ్ కూడా ఆపేసి పోతాడంట. "రాత్రిపూట దాంతో ఎవరికి పనక్కా, బిల్లు దండగ" అన్నాడు. మే నెల. కర్నూలు. పగలంతా 42 డిగ్రీల ఎండ తాగిన గోడలు, దించిన షట్టరు. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు అది పెళ్లివారి విడిది. పిండిలోని చక్కెరలు తిని అవి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఇంట్లో గిన్నె అయితే మూత ఎత్తుకుని గాలి బయటపడుతుంది. సీలు వేసిన కవర్లో యాడికి పోతుంది?

కిలో 60 లెక్కన 660 రూపాయలు. ఆ నష్టం నాదేనని ఒప్పుకుని, పైగా ఆయన ఫ్రిజ్ నేనే తుడిచి వచ్చాను. తుడుస్తుంటే మా టీవీ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె అయితే 660 వసూలు చేసి, ఫ్రిజ్ కూడా ఆయనతోనే తుడిపించేది.

టీవీ పెద్దమ్మ మాకు చుట్టమేం కాదు. కర్నూలు పాత ఊర్లో, తుంగభద్ర గట్టుకు దగ్గర్లో ఉన్న మా వీధిలో నడివయసు దాటిన ఆడమనిషి ఎవరైనా పెద్దమ్మే. టీవీ ఉన్న పెద్దమ్మ ఒక్కతే. నాకప్పుడు ఏడేండ్లు, 1988. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ, నలుపు తెలుపుది. చెక్క పెట్టె, దానికి రెండు పక్కలకు జరిగే తలుపులు, ఆ తలుపులకు తాళం. తాళంచెవి పెద్దమ్మ రొండిలో. తెర ముందర ఒక నీలం అద్దం బిగించి ఉండేది, కండ్లకు మంచిదని. అందుకే శ్రీకృష్ణుడు నీలంగా ఉండటంలో నాకు చాన్నాళ్లు వింతేమీ కనపడలేదు. మా టీవీలో శకుని కూడా నీలమే.

ఆదివారం మధ్యాహ్నం సినిమాకు పావలా. ఆ సినిమా ఏ వారం ఏ భాషలో వస్తుందో మాకు తెలీదు. అర్థం కాని భాష అయితే పెద్దమ్మే "ఇది మనకొద్దులే, పోండి" అని తలుపులు మూసి దుడ్లు వెనక్కిచ్చేది. తెలుగు వంతు వచ్చిందంటే వీధి వీధంతా ఆమె ఇంటి నాపరాళ్ల మీద సర్దుకుని కూచునేది. సినిమాకు ముందొచ్చే బధిరుల వార్తలు కూడా కదలకుండా చూసేవాళ్లం, ఎందుకంటే లేస్తే జాగా పోతుంది. ఆ చేతుల భాష కొంత నేర్చుకుని బడిలో టీచరు వెనక వాడుకున్నాం కూడా. శుక్రవారం చిత్రలహరికి పది పైసలు.

మహాభారతానికి మాత్రం దుడ్లు లేవు. "దేవుడి బొమ్మ చూపిచ్చి దుడ్లు తీసుకుంటే కండ్లు పోతాయి" అనేది పెద్దమ్మ. కానీ ఆదివారం తొమ్మిదికి ముందే ఆమె పొయ్యి మీద డేక్సా నిండా బుడ్డలు, అదే వేరుశెనగ కాయలు, ఉడుకుతుండేవి. ఆ ఉప్పునీళ్ల ఆవిరి వీధి మలుపు దాకా వచ్చి మమ్మల్ని పిలిచేది. గ్లాసు పది పైసలు. దేవుణ్ణి ఊరికే చూస్తున్నామే అన్న మొహమాటానికి పెద్దవాళ్లు రెండేసి గ్లాసులు కొనేవాళ్లు. పావలా ఇచ్చి సినిమా చూసేరోజు మాత్రం ఎవరూ బుడ్డల వైపు చూసేవాళ్లు కాదు, ఇచ్చింది చాల్లే అని. ఈ ఒక్క సంగతిని నేను బీకాంలో మూడేండ్లు చదివినా ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

బాకీల ఖాతా వంటింటి గోడ మీద, బొగ్గు గీతల్లో. పేర్లుండవు. ఏ గీత ఎవరిదో ఆమెకు తెలుసు, ఆ గీత ఎవరిదో వాళ్లకూ తెలుసు. నా దగ్గర ఇప్పుడు మూడు యాప్‌లు, ఒక ఎక్సెల్ షీటు ఉన్నాయి. అయినా పోయిన నెల ఒకాయన దగ్గర 300 అడగడం మర్చిపోయాను. అడగడం మర్చిపోయానా, మొహమాటపడ్డానా అంటే... సరే, అది వేరే కథ.

మా మహాభారతం హిందీలో వచ్చేది కదా. మా వీధిలో దాన్ని తెలుగు చేసే పని పక్కింటి ఖాలాది. చెక్క స్తంభానికి ఆనుకుని, వక్కాకు నములుతూ చెప్పేది. కురుక్షేత్రంలో రథం దిగిపోయిన అర్జునుడు ఏదో బాధగా అంటుంటే, "నా వల్ల కాదు సామీ, అంటుండాడు" అనింది. తర్వాత కృష్ణుడు మాట్లాడటం మొదలుపెట్టినాడు. మాట్లాడతానే ఉన్నాడు. మేమంతా ఖాలా మొహం చూస్తున్నాం. చాలాసేపటికి ఆమె వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "కొట్టు, అంటుండాడు" అనింది. భగవద్గీత నాకు తెలిసింది ఆ రోజే. ఆ సీరియల్‌కు మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అని ఎన్నో ఏండ్ల తర్వాత చదివినప్పుడు, ఖాలా ఉంటే చెప్పాలనిపించింది. "మావోడే కదా" అని ఇంకో వక్కాకు వేసుకునేది.

నాకు ఆ ఇంట్లో ఒక ఉద్యోగం కూడా ఉండేది. గాలి వీస్తే యాంటెన్నా తిరిగిపోయేది. మా అన్న మిద్దె మీద, పెద్దమ్మ టీవీ ముందర, నేను మెట్ల మధ్యలో. పెద్దమ్మ "బొమ్మ వచ్చింది, గొంతు రాలే" అంటే నేను పైకి చూసి "గొంతు రాలేదంట!" అని అరవాలి. అన్న తిప్పుతాడు. "గొంతు వచ్చింది, బొమ్మ పోయింది." "బొమ్మ పోయిందంట!" ఈ లోపల మెట్ల మధ్య ఉన్న నాకు బొమ్మా లేదు, గొంతూ లేదు. జీతం ఒక గ్లాసు బుడ్డలు. ఇప్పటికీ నాకు అరుపు ఎక్కువ అని మా ఆయన అంటుంటాడు. అది వృత్తిరోగం.

ఎంత తిప్పినా రాకపోతే తెర మీదికి ఒక అట్ట వచ్చేది, అంతరాయానికి చింతిస్తున్నాము అని. అప్పుడు తప్పు మా అన్నది కాదని తేలేది, వాడు దర్జాగా కిందికి దిగేవాడు. కరెంటు పోతే ఆ అట్ట కూడా ఉండదు. పెద్దమ్మ నియమం ఒకటే: "కరెంటు పోతే నా పూచీ కాదు." కర్ణుడి రథచక్రం భూమిలో కూరుకుపోయిన ఆదివారం సరిగ్గా అదే జరిగింది. కర్ణుడు రథం దిగినాడు, చక్రం పట్టుకున్నాడు, టప్పుమని వీధంతా కరెంటు పోయింది. ఒంటిగంట దాకా రాలేదు. మేమంతా ఆ చీకటి తెర ముందర చాలాసేపు అట్లే కూచున్నాం. పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలుసు. కానీ మా వీధి లెక్క ప్రకారం కర్ణుడు ఇంకా ఆ చక్రం ఎత్తుతూనే ఉన్నాడు.

నేను ఉద్యోగం మానేసి పిండి వ్యాపారం మొదలుపెట్టింది 2022లో. సి.క్యాంపు దగ్గర మా ఇంటి కింద గదిలో 20 లీటర్ల టిల్టింగ్ గ్రైండరు, సీలు వేసే మిషను, ఆహార లైసెన్సుకు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. ఎవరికి చెప్పినా మొదటి మాట "అమృత విలాసా?" అనేదే. 2001లో జెమినిలో మొదలై ఆరేండ్లు నడిచిన అమృతం సీరియల్, దాంట్లోని అమృత విలాస్ హోటల్ చూసినవాళ్లకు, తెలుగువాడు తిండి వ్యాపారం పెడితే ఏమవుతుందో ముందే తెలుసు. మా ఆయన ఇంకాస్త దూరం పోయినాడు. "ఈ ఊరికే కలిసిరాలేదు, నీకొస్తుందా?" అన్నాడు. ఆయన చెప్పేది రాజధాని సంగతి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956 నవంబరు 1న సామాను సర్దుకుని హైదరాబాద్ పోయింది. మూడేండ్ల ఒక నెల. ఉద్యోగుల కోసం వేసిన ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు మిగిలాయి. మూతపడిన కంపెనీ కుర్చీలు అగ్గువకు కొనుక్కున్నట్టు, మేము ఆ క్యాంపుల్లోనే కాపురాలు చేస్తున్నాం.

మొదట్లో నేను భయపడింది వేరే పిండి కంపెనీలను చూసి. తీరా చూస్తే నాకు పోటీ పిండి కాదు, ఉగ్గాని. పొద్దున్నే బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు తినే ఊరికి దోసె పిండి అమ్మడమంటే, చేపలకు గొడుగులు అమ్మడమే. ఆదివారమైతే మరీ. సోమవారం, బడి ఉన్న రోజు, ఇంట్లో తల్లికి తీరిక లేని రోజు, అదీ నా రోజు.

రెండో తలనొప్పి బియ్యం. ప్యాకెట్ చేతిలోకి తీసుకున్న ప్రతి ఆడమనిషీ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతుంది, "స్టోరు బియ్యమేనా?" దోసెకు రేషన్ బియ్యమే బాగుంటుందని ఊరందరికీ తెలుసు, దాన్ని కొని వ్యాపారం చేస్తే కేసు అవుతుందనీ తెలుసు. కాదు, మార్కెట్లో లావు బియ్యం అంటే మొహం వాడిపోతుంది. నిజాయితీగా ఉన్నందుకు సంజాయిషీ ఇచ్చుకునే వ్యాపారం నాది. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు ఉద్దిబేడలు, గుప్పెడు మెంతులు, రెండు గుప్పెళ్లు అటుకులు. రహస్యమేం లేదు. మా అత్త మాత్రం దాన్ని ఫార్ములా అంటుంది, వంటింట్లోకి ఎవరైనా వస్తే మెంతుల డబ్బా దాస్తుంది.

పేలిన రోజు తర్వాత పద్ధతి మార్చాను. రాత్రి రుబ్బి సాయంత్రం అమ్మడం మానేసి, తెల్లారుజామున మూడింటికి లేచి ఐసు నీళ్లు పోసి రుబ్బుతున్నాను. గ్రైండరు రాళ్ల వేడికే పిండి సగం పులుపెక్కుతుంది, ఐసు వేస్తే నెమ్మదిస్తుంది. పులియకముందే ఇండ్లకు చేరవేసి, "మీ ఇంట్లో పులియబెట్టుకోండమ్మా, మీ ఇష్టం" అంటున్నాను. అంగళ్లకు వేయడం తగ్గించాను. మిగిలిపోయి పులిసిన పిండిని ఏం చేయాలో మాత్రం ఒక అవ్వ చెప్పింది. "నిన్నటిది ఉంటే ఇయ్యి పాపా, పొంగణాలకు తాజాది పనికిరాదు." అంతే. మర్నాటి నుంచి నిన్నటి పిండి మీద పొంగణాల పిండి అని చీటీ వేసి 40కి ఇస్తున్నాను. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కరివేపాకు తరిగి కలిపి గుంతల పెనంలో పోసుకుంటే, పక్కన బుడ్డల చట్నీ ఉంటే, ఎవరూ ఫిర్యాదు చేయరు. దాని కోసమే ఫోన్ చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. తాజా పిండి కొనేవాళ్లు తక్కువైతే నిన్నటి పిండి యాడనుంచి తేవాలా అన్నది కొత్త సమస్య.

మహాభారతం మొదలైంది 1988 అక్టోబరు 2న. కర్నూలులోకి తుంగభద్ర, హంద్రి కలిసి వరదై వచ్చింది 2009 అక్టోబరు 2న. తారీకు కలవడం తప్ప రెండింటికీ సంబంధం లేదు, అయినా నాకు తలలో అవి పక్కపక్కనే ఉంటాయి. నీళ్లు తీసినాక మా పాత వీధికి పోయి చూస్తే, అటకెక్కించిన ఈసీ టీవీని పెద్దమ్మ బయటికి లాగి కడుగుతోంది. లోపలి గొట్టం, తీగలు అన్నీ తీసి పారేసింది. చెక్క పెట్టె మాత్రం గట్టిగానే ఉంది. ఇంకోసారి పోయినప్పుడు దాంట్లో రెండు కోళ్లున్నాయి. తలుపులు అవే, తాళం కూడా అదే. ఆ తర్వాత ఆమె కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది.

పోయిన బుధవారం నాలుగింటికి గ్రైండరు ఆగింది. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందంట. సగం నలిగిన ఉద్దిబేడలు, 38 ఆర్డర్లు, చీకటి. ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టే ఓపిక లేక, మా వాణ్ణి లేపి ఫోన్లో ఒక పువ్వు బొమ్మ వేయించి, కింద అంతరాయానికి చింతిస్తున్నాము అని రాయించి పిండి గ్రూపులో పెట్టాను. వాడికి పదిహేనేండ్లు. "ఇదేం జోకు మమ్మీ?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టేలోపే మళ్లీ పండుకున్నాడు.

ఐదున్నర నుంచి జవాబులు. ఎప్పుడొస్తుంది అని కొందరు, ఫర్వాలేదు ఉగ్గాని తింటాం అని కొందరు (ఇవి బాధపెట్టే జవాబులు), నవ్వు బొమ్మలు. మా పాత వీధిలో మాతోపాటు నాపరాళ్ల మీద కూచున్న పిల్లగాడు ఒకడు ఇప్పుడు బట్టతలతో అశోక్ నగర్‌లో ఉంటున్నాడు. వాడు పెట్టినాడు:

"పిండి సంగతి తర్వాత. కర్ణుడు చచ్చినాడా లేదా?"

పొంగణాల పిండి కొంటే చెప్తా అన్నాను. రెండు కిలోలు రాసుకోమన్నాడు.