రసీదు లేని జరిమానా

సాయంత్రం నుంచి ఆ కంప్యూటర్ షాపు కుర్రాడి మాటలే చెవుల్లో గింగురుమంటున్నాయి. నాన్నగారు పంచాంగం కోసం వెతుకుతూ ఏదో నొక్కారట. వెంటనే తెరంతా మూడు సింహాల ముద్ర, మోగుతున్న సైరను, చూడరానివి చూసినందుకు ముప్పై వేల చిల్లర జరిమానా, ఆరు గంటల గడువు. నేను ఇంటికి చేరేసరికే సత్యనారాయణపురం సెంటర్‌లోని షాపు నుంచి వచ్చి కూర్చున్న ఆ కుర్రాడు, ఇది ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ అనీ, ఫార్మాట్ చేయక తప్పదనీ, ఫొటోలు కావాలంటే దానికి విడిగా ఇచ్చుకోవాలనీ తీర్పు చెప్పేశాడు. పైగా 2017లో మన పోలీసుల కంప్యూటర్లకే దిక్కు లేకపోయిందని ఉదాహరణ ఒకటి.

అప్పట్లో కృష్ణా, గుంటూరు జిల్లాల పోలీసు కంప్యూటర్లకు వనాక్రై అనే రాన్సమ్‌వేర్ తగిలిన మాట నిజమే. కానీ అది విండోస్‌లోని లోపం గుండా నెట్‌వర్క్‌లో పాకి, ఫైళ్లకే తాళం వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగిన పురుగు. ఇది వట్టి వెబ్ పేజీ; మన క్లిక్ ఒకటి దొరకగానే తెరంతా పరుచుకుంటుంది, పైన కనిపించే ప్రభుత్వ అడ్రసు కూడా గీసిన బొమ్మే, ఫైళ్ల జోలికి పోయే శక్తి దానికి లేదు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకున్నాను, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేశాను, మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను రిస్టోర్ చేయమంటే వద్దన్నాను. అంతటితో సరి. అయినా ఆ కుర్రాడు వచ్చినందుకు డబ్బులు పుచ్చుకునే కదిలాడు!

ఇకపై నాన్నగారిని ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చోనివ్వకూడదని రాద్దామనే ఇది మొదలుపెట్టాను. రాస్తుంటే గుంటూరు కలెక్టరేట్‌లో ఆయన తపాలు సెక్షన్ గుర్తుకొస్తోంది. బడి సెలవుల్లో నన్ను తీసుకెళ్లి ఇన్‌వార్డ్ రిజిస్టరు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవారు. ఒకసారి ఎవరో పెద్దమనిషి బదిలీ ఉత్తర్వు ఒకటి తెచ్చి తొందరపెడుతుంటే, ఈయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, ఫైలుకు వేసే ఆర్.సి. నంబరు కింద తేదీ ఆదివారం పడిందేమిటని నెమ్మదిగా అడిగారు. ఆ పెద్దమనిషి టీ తాగొస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. ఆ మూడు సింహాల ముద్ర ఉన్న కాగితాన్ని జీవితమంతా కళ్లకద్దుకున్న మనిషి దాన్ని చూసి బెదరకపోతే ఇంకెవరు బెదురుతారు?

అసలు సంగతి భోజనాల దగ్గర బయటపడింది. కార్డు తీసి బల్ల మీద పెట్టుకున్నారట, కానీ కట్టలేదు. చలానా నంబరు గానీ, రసీదు ఇచ్చే చోటు గానీ, కింద అధికారి సంతకం గానీ కనబడలేదట. సెక్షన్ల అంకెలు మాత్రం దండిగా వేశారని ఆయనే అన్నారు. కాబట్టి ఆ మొదటి నిర్ణయాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

డబ్బు పోలేదు గనుక హడావిడిగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయనక్కరలేదు, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో తెలియజేస్తే చాలన్నాను. ఆయన ఇంకా పడుకోలేదు. తెల్లకాగితం మార్జిన్ మడిచి ఫిర్యాదు రాస్తున్నారు. దాన్ని టైపు చేసే పని నాదేనట.