ఆరేళ్లు కదలని కారు కొన్నాక

ఆరేళ్లుగా షెడ్డులో ఒకేచోట ఉండిపోయిన కారు కొన్నాను. అమ్మినాయన మీటరు చూపించి "ముప్పై వేలు కూడా తిరగలేదండీ, కొత్త బండి కిందే లెక్క" అన్నారు, నేనూ నమ్మేశాను. ఇప్పుడైతే రోజూ తిరిగిన లక్ష కిలోమీటర్ల బండే నయమంటాను. తిరిగే బండిలో ఏది పాడైనా వెంటనే తెలుస్తుంది, పక్కన పడేసిన బండిలో ఒక్కోటీ చప్పుడు చేయకుండా పోతుంది.

మీటరు కంటే టైర్లు చూడండి. పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. నా బండికి 2314 అని ఉంది, అంటే 2014లో 23వ వారంలో తయారైనవి. గాడులు చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి కానీ పక్కలంతా సన్నటి పగుళ్లు. నాలుగూ పారేశాను.

ఇంటికి తెచ్చిన రోజు నుంచి అందరిదీ ఒకటే మాట, బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడు అని. నాకూ చెయ్యి ఆగలేదు నిజానికి. ఎందుకైనా మంచిదని ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచాను. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి! సీటు స్పాంజి, గుడ్డపీలికలు, ఇంకా చెప్పకూడనివి. పక్కనే రెండు వైర్లు కొరికేసి ఉన్నాయి.

అన్నేళ్లు ఆగిన ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది ఆయిల్ మొత్తం కిందికి జారిపోయి ఉంటుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు తుప్పుతో పట్టేసి ఉండొచ్చు కూడా, అలాంటప్పుడు సెల్ఫ్‌తో బలవంతంగా తిప్పితే రింగు విరిగినా విరుగుతుంది. అందుకే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేశాను. తర్వాత న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ఇరుసు చివరి చక్రం) బోల్టుకి పెద్ద స్పానర్ తగిలించి, ఇంజన్ తిరిగే వైపుకే చేత్తో తిప్పాను. కదల్లేదు. ఇంకాస్త ఆయిల్ పోసి మర్నాడు చూస్తే మెత్తగా తిరిగింది. ఆ రాత్రే హాయిగా నిద్రపోయాను.

పాత పెట్రోల్ మీద కొత్తది పోసేద్దామనుకున్నా గానీ ట్యాంకు మూత తీయగానే పెయింటు డబ్బా వాసన కొట్టింది. నిలవున్న పెట్రోల్ జిగురుగా మారి, ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకి అడ్డం పడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే తేమని కూడా లాక్కుంటుంది, ఆ నీళ్లు అడుగున చేరి ట్యాంకుకి తుప్పు పట్టిస్తాయి. మొత్తం తోడేశాను. బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు, ఫుల్ ఛార్జ్‌లో 12.6 వోల్టులు ఉండాల్సింది మూడు చూపించింది.

ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఇంజన్ అందుకోకుండా ప్లగ్గులకి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్స్, పెట్రోల్ పంపు కనెక్షన్లు తీసేసి, ప్లగ్గులు లేకుండానే, ఆయిల్ ఒత్తిడి వచ్చి ఆయిల్ లైటు ఆరేదాకా కొంచెం కొంచెంగా సెల్ఫ్ కొట్టాను. ఆ తర్వాత అన్నీ బిగించి కొడితే మూడోసారికి అందుకుంది. కాసేపు నీలం పొగ వచ్చింది, మనం పోసిన ఆయిలే కదా.

అయిపోయిందనుకుని ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలితే బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆరేళ్ల కిందట ఎవరో హ్యాండ్ బ్రేక్ లాగి వెళ్లిపోయారు, వెనక బ్రేక్ షూలు డ్రమ్ములకి అతుక్కుపోయాయి. సుత్తితో డ్రమ్ము చుట్టూ మెల్లగా కొడితే ఒకటి వదిలింది, రెండోదాని లైనింగ్ (షూ మీది రాపిడి పట్టీ) మాత్రం ఊడి డ్రమ్ములోనే ఉండిపోయింది. ముందు చక్రాల్లో ఒకదాని కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిస్టన్ పట్టేసింది. బ్రేక్ ఫ్లూయిడ్ నల్లగా మారింది. అదీ తేమని పీల్చుకునేదే. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పొడవాటి దిగుడులో అది మరిగితే పెడల్ నేలకి అంటుకుంటుంది గానీ బండి ఆగదు. గొట్టాలతో సహా మార్పించాను. ఇంజన్‌కి వారం పడితే బ్రేకులకి మూడు వారాలు పట్టింది, అయినా అందరూ అడిగేది ఇంజన్ గురించే.

ఇప్పుడు బండి తిరుగుతోంది. 500 కిలోమీటర్లకి ఆయిల్ మళ్లీ మార్చాను, వాల్వులని పిస్టన్లతో లయలో నడిపే టైమింగ్ బెల్టు కిలోమీటర్లతో పనిలేకుండా వయసు చూసి మార్చేశాను. బ్లోయర్ వేస్తే ఎలుకల వాసన ఇంకా వస్తూనే ఉంది. నాలుగు రోజులు బండి తీయనంటే మాత్రం హ్యాండ్ బ్రేక్ లాగట్లేదు, గేర్‌లో ఉంచి చక్రాల కింద ఇటుకలు పెడుతున్నా. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు, నవ్వనీ.