ఎండాకాలం, నాయిన గుండె మాత్రలు

గుండెపోటు వచ్చి స్టెంటు వేసినప్పటి నుంచి మా నాయినకు గుండె పంపింగ్ తక్కువ. బీపీ మాత్ర, ఒంట్లో నీరు తీసే మాత్ర, ఇంకో రెండు మూడు రోజూ వేసుకుంటాడు. చలికాలమంతా బాగానే ఉన్నాడు. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటాక తిప్పలు మొదలయ్యాయి. పొద్దున మంచం దిగితే కళ్లు తిరిగి గోడ పట్టుకునేవాడు.

వాడకట్టంతా ఒకటే మాట: వడదెబ్బ, ఓఆర్‌ఎస్ తాగించు, ఉప్పేసి మజ్జిగ ఇయ్యి. చూడవచ్చినవాళ్లు కొబ్బరి బోండాలు తెచ్చారు. డాక్టరేమో రోజుకు లీటరున్నర మించి ఏదీ తాగొద్దని, ఉప్పు తగ్గించమని ముందే చెప్పి ఉన్నారు. ఎటూ తేలక, ఆ టెన్షన్‌తోనే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాను.

డాక్టరు కూర్చోబెట్టి బీపీ చూశారు, 112. "పెద్దాయనా, కాసేపు నిలబడండి" అని మళ్లీ చూస్తే 88. "చూడమ్మా, ఎండకు ఒళ్లు చల్లబడాలని చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం అటు మళ్లితే బీపీ పడిపోతుంది, గుండె ఎక్కువ కొట్టుకోవాలి. చెమటలో నీళ్లూ ఉప్పూ పోతాయి. మాత్రలూ అదే పని చేస్తున్నాయి" అన్నారు. ఈసీజీలో కొత్త తేడా లేదు. రక్తపరీక్షలో సోడియం కాస్త తక్కువ, పొటాషియం ఎక్కువకు దగ్గర. నాయిన మాత్రల్లో ఒకటి పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతుందట, కొబ్బరి నీళ్లలో అదే ఎక్కువ. బోండాలు పక్కింటి పిల్లలకు పోయాయి.

నీరు తీసే మాత్ర సగం చేశారు, నీళ్లు అర లీటరు పెంచారు. ఇది నాయిన లెక్క. ఇంకొకరికి వాళ్ల డాక్టరే చెప్పాలి, సొంతంగా మాత్ర ఆపితే కాళ్లు వాచి ఆయాసం వస్తుంది.

ఇంట్లో రెండు లీటర్ల బాటిల్‌కు మార్కర్‌తో గీతలు గీశాను. మజ్జిగ తాగినా, చాయ్ తాగినా అంత నీళ్లు అందులోంచి వంచెయ్యాలి. నాయిన పైకి సణుగుతూనే చివరి గీత నీళ్లు రాత్రికి దాచుకునేవాడు. పొద్దున మూత్రానికి పోయొచ్చాక, ఏమీ తినకముందే బరువు చూసి క్యాలెండర్ మీద రాసేదాన్ని. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టట, ఫోన్ చెయ్యమన్నారు.

రాత్రిళ్లే కష్టం. మాది స్లాబు ఇల్లు, పది దాటినా పైనుంచి సెగ కొడుతుంది, గుండెకు తెరిపి ఉండదు. సాయంత్రం డాబా మీద నీళ్లు కొట్టి, మెడకూ చేతులకూ తడి తువ్వాలు చుట్టి ఫ్యాను కింద పడుకోబెట్టేవాళ్లం.

మృగశిర కార్తె వచ్చి వానలు పడ్డాయి. చేపల పులుసులో ఉప్పు లేదని అమ్మ మీద అలిగాడు, అది వేరే కథ. వాతావరణం చల్లబడగానే బరువు పెరగసాగింది, పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడింది. ఫోన్ చేస్తే రమ్మన్నారు, మళ్లీ రక్తపరీక్ష చేసి మాత్ర పాత డోసుకు మార్చారు.