జీలకర్ర బెల్లం ఫోటో లేని ఆల్బమ్

నిన్న సాయంత్రమే పెళ్లికూతురి నాన్నగారు ఆల్బమ్ చూసి వెళ్లారు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న స్టూడియో. పద్నాలుగేళ్లుగా ఫోటోలు నేను తీస్తే, వీడియో ఇంకో కుర్రాడు తీసేవాడు. అతను హైదరాబాద్ వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే ఈ పెళ్లి వచ్చింది. బేరంలో వాళ్లు గట్టిగా లాగేసరికి, "ఒక్క కెమెరాతో రెండూ నేనే చేస్తానండీ" అనేశాను. కాస్త గొప్పలకు పోయిన మాట నిజమే. విజయవాడ వెళ్లి సెకండ్‌హ్యాండ్‌లో ఒక మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం ఉండని కొత్త రకం) తెచ్చుకున్నా. అది ఒక పూట పని.

అంతకుముందు నా చేతిలో ఉన్నది కెనాన్ 5డి మార్క్ 2. 2008లో నికాన్ డి90, ఆ వెంటనే ఇదీ వచ్చాకే స్టిల్ కెమెరాతో సినిమాలాంటి వీడియో తీయొచ్చని మా లైనులో వాళ్లకి తెలిసింది. ఆ పాతదాంట్లో వీడియో నడుస్తుండగా షట్టర్ బటన్ నొక్కితే ఫోటో పడేది. వీడియోలో మాత్రం ఒక్క సెకను బొమ్మ బిగుసుకుపోయేది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

పెళ్లికూతుర్ని చేయడం, ఎదుర్కోలు, స్నాతకం అన్నీ సాఫీగా జరిగిపోయాయి. పంతులుగారు ప్రవర చదువుతుంటే రికార్డింగ్ 29 నిమిషాల 59 సెకన్లకి దానంతటదే ఆగిపోయింది. యూరప్‌లో అరగంట, ఆపైన రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవాళ్లట, అందుకని కంపెనీలు అక్కడే కత్తెర వేసేవి. వాళ్ల సుంకానికి లక్ష్మీపురంలో నా ప్రవర తెగిపోయింది. అదేం ఎవరూ పట్టించుకోలేదు.

రాత్రి రెండు దాటాక ముహూర్తం. డయల్ వీడియో మీద ఉంది, 4కే, సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50, అంటే ఒక్కో ఫ్రేముకి సెకనులో యాభయ్యో వంతు వెలుగు పడుతుంది. అడ్డుతెర దించారు, ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. "ఫోటో, ఫోటో!" అని వెనకనుంచి కేకలు. నేను హాయిగా షట్టర్ బటన్ నొక్కుతూ పోయాను, ఆరేడుసార్లు. ఈ కెమెరాలో వీడియో మోడ్‌లో ఆ బటన్‌కి ఫోటో తీసే పనే లేదు. వీడియో మాత్రం నిక్షేపంగా నడిచింది. ఫోటో ఒక్కటీ పడలేదు. తెల్లారి కార్డు కంప్యూటర్లో పెట్టాక గానీ నాకు తెలియలేదు. ముచ్చెమటలు పోశాయి.

వీడియోలోంచి ఒక ఫ్రేము లాగాను. 4కే ఫ్రేము అంటే 3840 బై 2160, అంటే 8 మెగాపిక్సెళ్ల పైచిలుకు. చిన్న ప్రింటుకి చాలు. కానీ 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు మీద నిండుగా పరిస్తే అంగుళానికి 107 చుక్కలే వస్తాయి. దాన్నయినా సర్దుకోవచ్చు, 1/50లో కదిలిన చేతిని ఏం చేస్తాం? వీడియోలో ఆ కదలికే అందం, ఫోటోలో అదే మసక. ల్యాబ్ వాడేమో "షార్ప్ చేస్తే సరిపోద్దన్నా, మీరు పంపించండి" అన్నాడు. డబ్బులు ముందే తీసుకునేవాడి మాట వినకండి.

పెళ్లికూతురి నాన్నగారు కళ్లజోడు సవరించుకుని ఆ షీటు దగ్గర ఆగారు.

"ఏమయ్యా, చెయ్యి ఏదీ?"

"వీడియోలోంచి తీసింది బాబాయ్‌గారూ, కాస్త కదిలింది."

"అంటే ఫోటో తీయలా?"

నాకు నోరు పెగల్లేదు. ఆయన వెంట ఇంటర్ చదివే మేనల్లుడు వచ్చాడు. వాడు ఫోన్ తీసి చూపించాడు. అదే క్షణం, ఇద్దరి చేతులూ, బెల్లం ముద్దతో సహా. కళ్లకి కట్టినట్టుంది. పద్నాలుగేళ్ల సర్వీసు పెట్టుకుని వాణ్ణి బతిమాలాను, "తమ్ముడూ, అది నాకు పంపిస్తావా?" అని. "డాక్యుమెంట్‌గా పంపుతాలే అన్నా, మామూలుగా పంపితే క్వాలిటీ పోద్ది" అని నాకే నేర్పాడు.

ఒకే కెమెరాతో చేద్దామనుకునేవాళ్లు ఏ బటన్ ఏ మోడ్‌లో ఏం చేస్తుందో ఇంట్లో రాత్రిపూట వంద సార్లు నొక్కి చూసుకోండి. ఫ్లాష్ వీడియోకి అక్కరకు రాదు, వెలుగుతూ ఉండే ఎల్‌ఈడీ లైటు కొనుక్కోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ల కింద షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టకపోతే వీడియోలో చారలు పాకుతాయి. ముహూర్తానికి మాత్రం రెండో కెమెరా అద్దెకి తెచ్చయినా స్టాండు మీద పెట్టి వీడియోకి వదిలేయండి. అద్దె మిగుల్చుకుందామని చూసినవాణ్ణి చెబుతున్నా.

ఆల్బమ్ మళ్లీ ప్రింటుకి పోయింది, ఖర్చు నాదే. ఇందాక ఆయనే ఫోన్ చేశారు. మిగతా పదివేలు శ్రావణమాసం నోములప్పుడు ఇస్తారట. "ఆ రోజు ఫోటోలు నువ్వే తీయి నాయనా. వీడియో మా మేనల్లుడు చూసుకుంటాడులే."