బోర్న్‌వీటా డబ్బాలో పన్నెండు చీటీలు

జూన్‌లో ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందంటే పాత ఫొటోలు తీసేయడానికి కూర్చున్నాను. మా అమ్మాయి పుట్టినరోజువే డెబ్బై పైన ఉన్నాయి. అన్నింట్లోనూ మనుషులు వరసగా నిలబడ్డారు. తలలు సరిగ్గా నడిమధ్యన, పైన సగం నిండా ఫ్యానూ గోడానూ. ఒకదాంట్లో మా అత్తయ్య తల్లోంచి ట్యూబ్‌లైటు మొలిచింది. అన్నీ నేను తీసినవే.

క్లాసులకి వెళ్లి నేర్చుకునే తీరిక నాకెక్కడిది? అందుకే ఖాళీ బోర్న్‌వీటా డబ్బాలో పన్నెండు చీటీలు వేశాను. గీతలు, కిటికీ, ఎరుపు, ఖాళీ, ముక్కూమొహం, ఎత్తు... ఇలా. ఆదివారం టిఫినయ్యాక ఎవరో ఒకరు చీటీ తీయాలి. వారమంతా ఎన్నైనా తీసుకోవచ్చు, శనివారం రాత్రి మాత్రం తలా ఒక్క ఫొటోనే చూపించాలి. ఎవరినీ నిలబెట్టి తీయకూడదు. ఈ ఆఖరి షరతు పెట్టింది నేనే, ఎక్కువ తిట్టుకున్నదీ నేనే.

మొదటి చీటీ గీతలు. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే తెర మీద రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు వస్తాయి. మనకి కావలసినదాన్ని నడిమధ్యన కాకుండా ఆ గీతలు కలిసే నాలుగు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంచమంటారు. అత్తయ్య వచ్చి తెరలోకి తొంగిచూసి, "ఏటమ్మా ఇది, ముగ్గు చుక్కలేటి?" అన్నారు. విడమర్చి చెప్పాను. "అంటే చుక్క మీద పెట్టమంటావు, అంతేగా!" అనేశారు. అంతకన్నా తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. మర్నాడు ఆవిడ వేసిన మెలికల ముగ్గుని డాబా మీదనుంచి ఆ చుక్కల ప్రకారమే తీశాను, చెత్తగా వచ్చింది. నాలుగువైపులా ఒకేలా ఉండే ముగ్గు నడిమధ్యే ఉండాలని అప్పుడు తెలిసింది. ఆ వారం గెలిచింది మా అమ్మాయి. 1713లో పునాది వేసిన మా విజయనగరం కోట గోడని అది ఎదురుగా కాకుండా, గోడకి చెయ్యి ఆనించి వారగా తీసింది. రాళ్ల వరసలన్నీ దూరంగా సైకిల్ తొక్కుతున్న తమ్ముడి దగ్గరికి పరుగెడుతున్నట్టు ఉన్నాయి.

కిటికీ వారం నాకు చాలా నేర్పింది. వంటింటి కిటికీ కింద అత్తయ్య గోంగూర ఒలుస్తుంటే ఎదురుగా నిలబడి తీశాను. కిటికీ తెల్లగా మెరిసిపోయింది, ఆవిడ మొహం మాత్రం మసిగుడ్డలా వచ్చింది. నేను పక్కకి జరగబోయేలోపే, "ఫొటో అని ముందే చెప్పొద్దేటి, ఉండు చీర మార్చుకొస్తాను" అని లేచారు. పట్టుచీర కట్టుకుని, నడుం నిటారుగా పెట్టి గోంగూర ఒలిచారు. ఒలిచారనడం ఎందుకులెండి, పట్టుకు కూర్చున్నారు.

నాలుగు రోజులాగి, మామూలు నేతచీరలో ఉన్నప్పుడు మళ్లీ ప్రయత్నించాను. ముందు లెన్సుని కొంగుతో తుడిచాను. వంటింట్లో తిరిగే ఫోనుకి నూనె చేతి మరకలుంటాయి, ఫొటోలో మసకంతా దానివల్లే. ట్యూబ్‌లైటు ఆర్పేశాను. ఈసారి కిటికీ నాకు ఎడమపక్కన ఉండేలా నిలబడి, తెర మీద ఆవిడ చేతిని నొక్కిపట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కాస్త కిందికి లాగి వెలుగు తగ్గించాను. మొహం వదిలేశాను. అరిగిపోయి సన్నబడ్డ బంగారు గాజు, గోళ్లలో దిగిన పసుపు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎర్రటి గోంగూర కాడ, అంతే. ఆ ఫొటో చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, "మా అమ్మ చెయ్యిలాగుంది" అన్నారు. తర్వాత, "గోళ్లు తీసుకోవాలి" అని కూడా అన్నారు.

ఎరుపు వారం గురించి చెప్పడానికేమీ లేదు. మావారు గ్యాస్ సిలిండర్ ఫొటో తీసి చేతులు దులుపుకున్నారు. తర్వాత ఇంటిల్లిపాదికీ జ్వరాలు, రెండు వారాలు డబ్బా ముట్టుకోలేదు.

ముక్కూమొహం వారంలో అమ్మాయికి కోపమొచ్చింది. దగ్గరగా వెళ్లి తీస్తే ముక్కు లడ్డూ అంత వచ్చింది మరి. తప్పు ముక్కుది కాదు. మరీ దగ్గరికి వెళ్తే, మిగతా మొహం కన్నా ఫోనుకి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదైపోతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, 2ఎక్స్ జూమ్ నొక్కి తీశాక మాటలు కలిశాయి.

ఖాళీ వారం పెద్ద చెరువు గట్టు మీద పరుగెడుతున్న మావాణ్ణి తీశాను. చుట్టూ ఆకాశమే, వాడు గోరంత. మొదటి ఫొటోలో కుడి అంచున ఉన్నాడు, ఆ అంచువైపే పరుగు, ఫొటోలోంచి జారిపడిపోతాడేమో అనిపించింది. మళ్లీ పరుగెత్తించి ఎడమ అంచున ఉండగా నొక్కాను, ముందు బోలెడు దారి. మావారికి ఇదీ నచ్చలేదు. "వీణ్ణి భూతద్దం పెట్టి వెతకాలా?" అన్నారు. మళ్లీ పరుగెత్తించడం షరతు తప్పడమే అని అమ్మాయి గొడవ. నిజమే, తప్పాను.

ఆఖరి చీటీ ఎత్తు. సరిగ్గా సిరిమాను వారానికి వచ్చింది. మా పైడితల్లి అమ్మవారి జాతరలో పొడవాటి మాను చివర పూజారిని అమ్మవారి రూపంగా కూర్చోబెట్టి, పైకెత్తి ఊరేగిస్తారు, అదే సిరిమాను. విజయదశమి తర్వాతి మంగళవారం, మూడు లాంతర్ల కూడలి దగ్గర కాలు పెట్టే సందు లేదు. గుడి నుంచి కోట వరకూ సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది కదా, మూడు అవకాశాలున్నాయని ధీమాగా ఉన్నాను. మూడుసార్లలో నలభైమూడు తీశాను. నలభైమూడింట్లోనూ ఎత్తిన ఫోన్లే, వాటి మధ్య ఎక్కడో ఓ గీత. వారగా నిలబడదామంటే జరిగే చోటేది?

మా అమ్మాయి అసలు పైకి చూడలేదు. మామ్మ పక్కనే ఉండి, కింద నుంచి ఆవిణ్ణే తీసింది. సిరిమాను మీదికి మొక్కుగా అరటిపండు విసరబోతూ వెనక్కి లాగిన చెయ్యి, పైకెత్తిన గడ్డం, తెరిచిన నోరు, కళ్లలో నీళ్లు. ఎత్తంతా ఆ చూపులోనే ఉంది. నాకు తెలిసి మా ఇంట్లో ఇంతవరకూ తీసినవాటిలో అదే మంచి ఫొటో. పెద్దది ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, దేవుడి గదిలో పెట్టమని అత్తయ్యకి ఇచ్చాం.

ఆవిడ అటూఇటూ తిప్పి చూశారు. "సిరిమాను ఏదే?" అన్నారు.

"పైన ఉంది మామ్మా, నువ్వు చూస్తున్నావుగా!" అంది అమ్మాయి.

"నేను చూస్తే సరా? అమ్మవారే లేని ఫొటోకి బొట్టెక్కడ పెట్టనే!" అని, దాన్ని హాల్లో టీవీ పైన పెట్టించారు.