పదిహేనో మనిషి కోసం

ఇర్వింగ్, టెక్సస్
2025 జూన్ 29, ఆదివారం

ఎండ ముదరకముందే ఆడి వచ్చేద్దామని ఈ రోజు ఆరున్నరకే మా అబ్బాయిని వెంటబెట్టుకుని పార్కుకు వెళ్ళాను. మా అపార్ట్‌మెంట్ల వాళ్ళం ఓ పది మందిమి ప్రతి ఆదివారం అక్కడ బాస్కెట్‌బాల్ ఆడుతుంటాం. మా జట్టులో బంతిని అవతలి సగానికి తీసుకువెళ్ళే మిత్రుడు సెలవులకు రాజమండ్రి వెళ్ళి ఉన్నాడు. మిగిలిన వాళ్ళలో నలుగురం పొడగరులమే కాబట్టి బోర్డు కింద రీబౌండ్లన్నీ మాకే దక్కాయి, అయినా చిత్తుగా ఓడిపోయాం. ఎన్నిసార్లు బంతి మా చేతికి వచ్చినా అది సగం కోర్టు దాటేలోపే అవతలి వాళ్ళ చేతికి పోయేది. ఒకసారి నేను రీబౌండ్ అందుకుని, ఇవ్వడానికి ఎవరూ కనబడక, నేనే డ్రిబుల్ చేస్తూ బయలుదేరాను. మూడో అడుగులో ఒక సన్నటి కుర్రవాడు పక్కనుంచి చెయ్యి పెట్టి, బంతిని తన ముందుకు తోసుకుని వెళ్ళిపోయాడు. బుట్ట కింద చేతులెత్తి నిలబడిన మా వాళ్ళిద్దరూ అలాగే నిలబడి ఉండిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా అబ్బాయి, "నాన్నా, మన మావెరిక్స్ కూడా ఇప్పుడు ఇలాగే ఉంది కదా?" అన్నాడు. వాడు అన్నది మా డాలస్ ప్రాంతపు బాస్కెట్‌బాల్ జట్టు డాలస్ మావెరిక్స్ గురించి. వాడికి పదమూడేళ్ళు. రేపు సాయంత్రం 5 గంటలకు, మా కాలమానం ప్రకారం, అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో, ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్ళగల ఫ్రీ ఏజెంట్లతో బేరసారాలు మొదలవుతాయి కాబట్టి వారం రోజులుగా మా ఇంట్లో ఇదే చర్చ. వాడు అన్న మాట అక్షరాలా నిజం, ఈ ఊళ్ళో ఆ జట్టును ప్రేమించేవాళ్ళందరి మనసులోనూ ఉన్నది బంతి నడిపే మనిషి లేడన్న ఆ ఒక్క లోటే.

ఫిబ్రవరి 1 రాత్రి లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజలస్ లేకర్స్‌కు ఇచ్చి ఆంథొనీ డేవిస్‌నూ, మాక్స్ క్రిస్టీనీ, కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 2029కి, ఒక మొదటి రౌండు అవకాశాన్నీ తెచ్చుకున్నప్పుడే బంతిని నడిపించే మొదటి చేతిని జట్టు పోగొట్టుకుంది. మార్చి 3న శాక్రమెంటోతో ఇక్కడే జరిగిన మ్యాచ్‌లో కైరీ అర్వింగ్ మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగిపోవడంతో రెండో చెయ్యి కూడా పోయింది. తెగిన మోకాలితోనే, కళ్ళ నీళ్ళతో, అతడు రెండు ఫ్రీ త్రోలు వేసి రెండూ బుట్టలో పడ్డాక గానీ కోర్టు విడిచి వెళ్ళలేదు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అప్పటినుంచి సీజన్ ఎలా గడిచిందో మరిచిపోలేను. మార్చిలో గాయాల వల్ల ఎన్నో రాత్రులు ఆడగల ఎనిమిది మందిని చూపించడమే గండంగా ఉండేది. జీతాల మొత్తం పరిమితికి ఎంత దగ్గరగా ఉందంటే, మిగిలిన 51 వేల డాలర్ల చోటులో కొత్త మనిషిని తీసుకోవడానికి ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది. 39 విజయాలు, 43 ఓటములతో ఛాంపియన్‌షిప్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో చోటు తేల్చే ప్లే-ఇన్ దాకా వెళ్ళి, చివరికి మెంఫిస్‌లో 120–106 స్కోరుతో ఓడిపోయారు.

ఆ తర్వాత మే 12న, డ్రాఫ్టులో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశంతో మొదటి స్థానం దక్కడం, ఈ బుధవారం డ్యూక్ విశ్వవిద్యాలయం కుర్రవాడు కూపర్ ఫ్లాగ్ మన జట్టువాడు కావడం, ఇదంతా దేవుడిచ్చిన వరమే అనుకుంటాను. కానీ ఇప్పుడు జట్టును వరుసగా చదివితే డేవిస్, ఫ్లాగ్, పీజే వాషింగ్టన్, డెరెక్ లైవ్లీ, డానియల్ గాఫర్డ్, డ్వైట్ పవెల్, నాజీ మార్షల్, కేలెబ్ మార్టిన్ అంటూ అందరూ పొడగరులే వస్తారు. క్లే థామ్సన్ షూటరే గానీ బంతి నడిపే మనిషి కాడు. జేడెన్ హార్డీ, బ్రాండన్ విలియమ్స్ ఉన్నారు, ఇద్దరికీ వేగం ఉంది, కానీ నలుగురు పొడగరులను ఎక్కడెక్కడ నిలబెట్టాలో చూసి, సరైన క్షణంలో బంతి అందించే నిదానం ఇంకా పట్టుబడలేదు. పద్దెనిమిదేళ్ళ ఫ్లాగ్ ఆ పని కూడా చేయగలడని అంటున్నవాళ్ళున్నారు. చేయగలడేమో, కానీ మొదటి ఏడాదే ప్రతిసారీ బంతిని అవతలికి చేర్చే బరువు ఆ పిల్లవాడి భుజాన వేయడం నాకు సమ్మతం కాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అబ్బాయి నోటుపుస్తకం తెచ్చి జీతాల లెక్క కూడడం మొదలుపెట్టాడు. వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి, జట్టు జీతాల మొత్తానికి లీగు పెట్టిన హద్దులుగా, నేను నాలుగు గీతలు గీశాను. రాబోయే 2025–26 సీజన్‌కు శాలరీ క్యాప్ 15.46 కోట్ల డాలర్ల దగ్గర, లగ్జరీ ట్యాక్స్ 18.79 కోట్ల దగ్గర, ఫస్ట్ ఏప్రన్ 19.59 కోట్ల దగ్గర, సెకండ్ ఏప్రన్ 20.78 కోట్ల దగ్గర ఉంటాయి. మొదటి గీత దాటిన జట్టు కొత్తవాళ్ళకు చేతికొచ్చినంత ఇవ్వలేదు, మినహాయింపుల దారిలోనే తీసుకోవాలి. మూడో గీత దాటితే ఆ మినహాయింపు కూడా 57 లక్షల డాలర్లకు చిక్కిపోతుంది, నాలుగో గీత దాటితే అదీ ఉండదు, కనీస జీతం ఒక్కటే మిగులుతుంది. డేవిస్ ఒక్కడికే 5.41 కోట్లు పోతున్న మన జట్టు మూడో గీతకు పైన, నాలుగో గీతకు కింద ఇరుక్కుని ఉంది.

ఆ 57 లక్షలైనా మిగిలింది కైరీ చలవ వల్లనే. వచ్చే ఏడాది 4.3 కోట్లు తీసుకునే హక్కు అతడి ఒప్పందంలోనే ఉన్నా దాన్ని వదులుకుని, మూడేళ్ళకు 11.9 కోట్ల కొత్త ఒప్పందానికి ఒప్పుకుని, మొదటి ఏడాది జీతం తగ్గించుకున్నాడు. కోలుకునే దశలో ఉన్నవాడికి మూడేళ్ళ భరోసా దొరికింది, నిజమే. అయినా తాను ఆడలేని నెలల్లో తన చోట నిలబడే మనిషికి జీతం తన వాటాలోనుంచే దొరికేలా చేశాడన్న సంగతి నాకు చాలా గొప్పగా అనిపించింది. మా ఆవిడ పక్కనే కూర్చుని ఇదంతా వింటూ, "అయితే ఆ వచ్చేవాడు కైరీ వచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండేవాడన్నమాట" అంది. ఈ రోజంతటిలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. అప్పటిదాకా ఫ్రీ ఏజెంట్లలో అందరికంటే మంచి గార్డు, అంటే బంతి నడిపే ఆటగాడు, ఎవరా అని చూస్తున్న నేను, ఆ మాట తర్వాత పేర్లన్నీ మళ్ళీ మొదటినుంచి చూశాను.

మా అబ్బాయి ఓటు క్రిస్ పాల్‌కు. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో గత సీజన్ మొత్తం 82 మ్యాచ్‌లూ శాన్ ఆంటోనియోకు మొదటి ఐదుగురిలో ఆడిన మనిషి. ఫ్లాగ్‌కు పక్కన కూర్చుని ఆట చెప్పడానికి అంతకంటే మంచి గురువు దొరకడు. కానీ అతడి కుటుంబం లాస్ ఏంజలస్‌లో ఉంది, ఈ వయసులో పిల్లలకు దగ్గరగా ఉండాలని కోరుకునే తండ్రిని మనం తప్పుపట్టలేం. డెనిస్ ష్రోడర్ అంటే నాకు ఎప్పటినుంచో ఇష్టం. 2023లో జర్మనీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ టోర్నీ ఉత్తమ ఆటగాడు అతడే, అవతలి గార్డును సగం కోర్టు నుంచే పట్టుకుని వదలడు. గత ఏడాది 1.3 కోట్లు సంపాదించిన అతడు ఇప్పుడు 57 లక్షలకు వస్తాడని ఆశపడడం మాత్రం అత్యాశే. టైయస్ జోన్స్ బంతిని పోగొట్టుకోవడంలో మహా పొదుపరి, పాస్ ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. కానీ ఆరడుగుల మనిషి కాబట్టి అవతలివాళ్ళు ప్రతి ఆటనూ అతడి మీదికే నడుపుతారు. మాల్కమ్ బ్రాగ్డన్ ఆటలో వంక పెట్టడానికి లేదు, గాయాలే అతడిని నిలవనివ్వడం లేదు, గాయాలతో ఒక సీజన్ పోగొట్టుకున్న జట్టు మళ్ళీ ఆ పందెం కాయడం నాకు ఇష్టం లేదు.

మిగిలినవాడు డీయాంజెలో రస్సెల్. పొద్దున ఎవరైనా అతడి పేరు చెప్పి ఉంటే వద్దనే అనేవాడిని. డిఫెన్స్‌లో కాళ్ళు కదలవు. గత సీజన్‌లో త్రీ పాయింటర్లు కూడా తప్పాయి. 2024 ప్లేఆఫ్స్‌లో లేకర్స్ తరఫున డెన్వర్‌తో మూడో మ్యాచ్‌లో ఏడు షాట్లు వేసి ఒక్కటీ పడక సున్నాతో బయటికి వచ్చాడు. ఆ రాత్రి నేను మ్యాచ్ మొత్తం చూశాను, చివరికి అతడు బెంచి మీద తల వంచుకుని కూర్చోవడం కూడా గుర్తుంది.

అయితే మా ఆవిడ మాట పట్టుకుని ఆలోచిస్తే లెక్క మారిపోతుంది. రస్సెల్ లోపాలు బయటపడేది ప్లేఆఫ్స్ జరిగే ఏప్రిల్, మే నెలల్లో, ఒకే ప్రత్యర్థి ఏడు మ్యాచ్‌లు వరుసగా అతడినే గురి పెట్టుకున్నప్పుడు. మనకు మనిషి కావలసింది అక్టోబరు నుంచి కైరీ వచ్చేదాకా. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది, అంటే కొత్త సంవత్సరం ముందు అతడి మీద ఆశ పెట్టుకోలేం. సీజన్‌లో రోజుకో ఊరు తిరిగే ఆ నెలల్లో, అలసిన జట్ల మీద, రస్సెల్ నిలకడగా పాయింట్లు కొట్టగలడు, పాస్‌లు ఇవ్వగలడు. పైగా వెనక డేవిస్, లైవ్లీ, గాఫర్డ్ లాంటి కోట గోడలు ఉన్నప్పుడు ముందు ఒక గార్డు నెమ్మదిగా ఉన్నా జట్టు తట్టుకుంటుంది.

నా మనసు పూర్తిగా మార్చింది మాత్రం ఒక పాత వీడియో. సాయంత్రం కాఫీ తాగుతూ లేకర్స్ 2023–24 సీజన్ మ్యాచ్ ముక్కలు కొన్ని చూశాను. ఆ ఏడాది రస్సెల్ వేసిన త్రీ పాయింటర్లు 226, ఒక సీజన్‌లో లేకర్స్ ఆటగాడు వేసిన వాటిలో అప్పటికి అదే రికార్డు. కానీ నేను చూసింది ఆ షాట్లను కాదు. డేవిస్ వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడతాడు. రస్సెల్ డేవిస్ భుజాన్ని రాసుకుంటూ వచ్చి, అందరూ తొందరపడే చోట తాను వేగం తగ్గిస్తాడు. వెనకబడిన డిఫెండర్‌ను తన వీపుకు ఆనించి ఉంచుకుని, ముందున్న పెద్దవాడు ఎటు అడుగు వేస్తాడో ఒక క్షణం ఎదురుచూస్తాడు. ఆ పెద్దవాడి మడమ లేచిన మరుక్షణం ఎడమ చేత్తో బంతిని పైకి వదులుతాడు. డేవిస్ అప్పటికే గాలిలో ఉంటాడు. ఆ ముక్కను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. వాళ్ళిద్దరూ, క్రిస్టీతో సహా, రెండు సీజన్లకు దగ్గరగా కలిసి ఆడినవాళ్ళు కాబట్టి ఆ లయ కొత్తగా నేర్చుకోనక్కరలేదు. అదే పాస్ లైవ్లీకి, గాఫర్డ్‌కు అందుతుందని ఊహించుకుంటే, పొద్దున పార్కులో బుట్ట కింద ఊరికే చేతులెత్తి నిలబడిన మా ఇద్దరు మిత్రులు కళ్ళ ముందు మెదిలారు.

కోచ్ జేసన్ కిడ్ స్వయంగా ఈ ఆటలోని గొప్ప పాయింట్ గార్డుల్లో ఒకడు, 2011లో ఈ జట్టుకు ఛాంపియన్‌షిప్ తెచ్చిన ఐదుగురిలో నిలబడినవాడు. రస్సెల్‌ను ఎప్పుడు ఆడించాలో, ఎప్పుడు కూర్చోబెట్టాలో అతడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మరి డాంటే ఎగ్జమ్ మాటేమిటని మా అబ్బాయి అడిగాడు. అది నన్ను కూడా బాధిస్తున్న విషయమే. అమెరికాలో చోటు పోగొట్టుకుని బార్సిలోనాలో, బెల్‌గ్రేడ్‌లో ఆడి, తన ఆటను మళ్ళీ కట్టుకుని 2023లో ఇక్కడికి వచ్చినవాడు. గత సీజన్‌లో గాయాల వల్ల 20 మ్యాచ్‌లే ఆడాడు గానీ, ఆడినప్పుడల్లా అవతలి మంచి గార్డును పట్టుకున్నది అతడే. పొడుగూ ఉంది, బంతీ నడపగలడు. స్పెన్సర్ డిన్‌విడీ అయితే కనీస జీతానికి 79 మ్యాచ్‌లు ఆడి ఆ కష్టకాలంలో జట్టును మోశాడు. ఇద్దరికీ కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇద్దరికీ చోటు లేదు. నన్నడిగితే రస్సెల్‌కు 57 లక్షలు, ఎగ్జమ్‌కు కనీస జీతం ఇచ్చి, ఒకరి లోటు మరొకరు పూడ్చుకునేలా ఇద్దరినీ తెచ్చుకోమంటాను. పాయింట్లు కావలసిన రాత్రి రస్సెల్, ఆపవలసిన రాత్రి ఎగ్జమ్.

చిక్కు అక్కడే వచ్చింది. ఎన్‌బీఏ జట్టులో పూర్తి ఒప్పందాలు పదిహేనుకు మించకూడదు. మా అబ్బాయి పేర్లు లెక్కపెడితే ఇప్పటికే పద్నాలుగు ఉన్నాయి. ఇద్దరు వస్తే పదహారవుతుంది. కనీస జీతం కూడా పద్దులో సుమారు 23 లక్షలు పడుతుంది, రస్సెల్‌కు ఇవ్వగా సెకండ్ ఏప్రన్ కింద మిగిలేది బహు కొద్ది. ఎవరో ఒకరు వెళ్ళాలి. జాబితా మీద పైనుంచి కిందికి వేలు నడిపి ఒలివియే-మాక్సెన్స్ ప్రోస్పర్ దగ్గర ఆగాను. 2023 డ్రాఫ్టులో 24వ వాడిగా వచ్చిన కుర్రవాడు, ఇంకా 23 ఏళ్ళు నిండలేదు, గత సీజన్‌లో మనుషులు లేని రాత్రుల్లో కోర్టంతా పరుగెత్తి ఆడాడు. పొడుగు ఆటగాళ్ళు ఇంతమంది ఉన్నచోట అతడి వంతు రావడం కష్టమని నాకు తెలుసు.

"కొట్టెయ్యనా?" అని పెన్సిలు పట్టుకున్నాను. మా అబ్బాయి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "రేపు సాయంత్రం దాకా ఆగు నాన్నా, ఎవరు వస్తారో చూశాక కొట్టేద్దాం" అన్నాడు. సరేనని పెన్సిలు పక్కన పెట్టాను. పదహారు పేర్ల ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఉంది.