వాకాడు అవతల చౌక ఇల్లు

సముద్రం పక్కన ఇల్లు చూద్దామని వెళ్లి వాకాడులో బస్సు దిగగానే రేటు రెట్టింపయింది. తిరుపతి బ్రోకరు ఫోన్లో చెప్పింది 60 అంకణాలు, అంకణం 20,000, పాత స్లాబు ఇంటితో కలిపి 12 లక్షలు. బస్టాండు పక్క టీకొట్లో అడిగితే ఆ చుట్టుపక్కల ఖాళీ స్థలం అంకణం 24,000 నడుస్తోందన్నారు. వింటే ఇల్లు ఊరికే వస్తున్నట్టే ఉంటుంది. కానీ మన తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నాలుగు గజాలు. గూడూరు, కోట, వాకాడు వైపు నెల్లూరు లెక్క: అంకణమంటే 72 చదరపు అడుగులు, ఎనిమిది గజాలు. అంటే ఆ 60 అంకణాలు ఇక్కడ 30, అంకణం 40,000 పడ్డట్టు. మొత్తం 240 గజాలు. ఊరి రేటు ప్రకారం స్థలానికి 7,20,000 అవుతుంది. మిగతా 4,80,000 ఆ ఇంటికి కడుతున్నామన్నమాట. తిరుపతివాళ్లకు తిరుపతి అంకణంలో చెప్పి, రేటు మాత్రం వాకాడు అంకణంతో పోల్చి చూపించడం ఇక్కడ బాగా అలవాటైపోయింది. అగ్రిమెంటులో అంకణం అన్న మాటే రానివ్వకూడదు. గజాలు, చదరపు మీటర్లు, నాలుగు వైపులా కొలతలు అడుగుల్లో రాయించుకోవాలి.

రిటైరయ్యాక సముద్రం పక్కన చిన్న ఇల్లు కొనుక్కుందామని తిరుపతిలో చాలామంది అనుకుంటున్నారు. 12 లక్షలకు మన దగ్గర మంచి లేఅవుటులో చిన్న ప్లాటు దొరకడం కూడా కష్టం కాబట్టి ఆ ఆశ సహజమే. అందుకే చూసినవన్నీ వివరంగా రాస్తున్నాను.

గూడూరు, కోట మీదుగా వాకాడు దాకా ఆర్టీసీలో ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి తూపిలిపాళెం వైపు వెళ్లాలంటేనే ఆటోవాడి దయ. షేరాటో నిండేదాకా కదలదు, ఒక్కరమే వెళ్తామంటే 400 అడిగాడు. నెలకు రెండుసార్లు వచ్చిపోయే ఇంటికి ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. రాత్రిపూట గుండెనొప్పి వస్తే గూడూరో నెల్లూరో పోవాలన్నది కూడా.

దారి పొడుగునా రొయ్యల గుంటలు. వాకాడు దగ్గర స్వర్ణముఖి మీద బ్యారేజీ. తిరుచానూరు పక్కన ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనిపించే ఏరు ఇదే. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన కూడా చివరికి ఈ దారినే సముద్రంలోకి పోవాలి. కాబట్టి ఈ పక్క ఇల్లు చూసేవాళ్లు సముద్రం ఎంత దూరమో అడిగి ఊరుకోకూడదు. ఏరు ఎంత దూరం, బకింగ్‌హాం కాలువ ఎంత దూరం అనీ అడగాలి. మిచాంగ్ తుఫాను అప్పుడు, 2023 డిసెంబరులో, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని బ్రోకరును అడిగితే ‘ఈ ఊరికి ఏం కాలేదు సార్’ అన్నాడు. పక్కింటి ముసలమ్మ తన ఇంటి రెండో మెట్టు చూపించింది. మేం చూడబోయే ఇంటికి ఉన్నవి రెండే మెట్లు.

బ్రోకరు అమ్మేది ఇల్లు కాదు, పోర్టు. ‘పోర్టు వస్తే ఇదే స్థలం కోటి’ అన్న మాట దారంతా అన్నాడు. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో దుగరాజపట్నం మేజర్ పోర్టు ఉంది, మొదటి దశకు 2018 చివరి గడువు కూడా ఉంది. గడువు దాటింది, పోర్టు రాలేదు. ఇప్పుడు నౌకానిర్మాణ కేంద్రం మాట వినబడుతోంది. ఈ తీరానికి ఇది కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీవాళ్లు 1626లో ఇక్కడే దుగరాజపట్నంలో, వాళ్ల మాటలో ఆర్మగాన్‌లో, వర్తక స్థావరం పెట్టారు. 1639లో ఫ్రాన్సిస్ డే చెన్నపట్నంలో చోటు సంపాదించాక ఇక్కణ్ణుంచి అక్కడికి తరలిపోయారు. పోర్టు నిజంగా వచ్చినా ఆ జాగా సేకరణలో పడితే మన చేతికొచ్చేది 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం. దాన్ని చుట్టుపక్కల రిజిస్టరయిన విలువలు చూసి కడతారు. అందరూ డాక్యుమెంటులో తక్కువ రాయించుకున్న ఊళ్లో అందరికీ తక్కువే వస్తుంది. అందుకని రాని పోర్టుకు ఇప్పుడు రూపాయి కూడా కట్టక్కర్లేదు.

ఇల్లు బయటికి ముద్దుగా ఉంది. కొత్తగా వేసిన నీలం రంగు, మిద్దె మీద నిలబడితే షార్ రాకెట్టు కనబడుతుందన్న ఊరింపు. కోట నుంచి ఒక మేస్త్రీని వెంట తీసుకెళ్లాం, కూలి 1,000. ఈ మొత్తం ప్రయాణంలో సార్థకమైన ఖర్చు అదే. ఆయన గోడలవైపు చూడలేదు. నాలుగు గదుల్లో ఒక్క గది కప్పుకే కొత్త పూత ఎందుకుందని అడిగాడు. స్టూలెక్కి చిన్న సుత్తితో కప్పును జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోయాడు. మూలల్లో ణంగుమంది. మధ్యలోకి వచ్చేసరికి డొల్ల చప్పుడు. స్క్రూడ్రైవరు మొన పెట్టి కొద్దిగా ఎత్తితే అరచేయంత పెచ్చు ఊడి పడింది, లోపల కంబి పొరలు పొరలుగా లేచి ఉంది.

‘ఇది ఎనిమిది కంబి అన్నా’ అని తీగ బ్రష్షుతో తుప్పు మొత్తం గీకి, కాలిపర్సు పెట్టి చూపించాడు. 6 మిల్లీమీటర్లు మిగిలింది. ఎనిమిదికి ఆరంటే ముప్పావు వంతు బలం ఉందనుకుంటాం, అలా కాదు. బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది: ఆరార్లు 36, ఎనిమిదెనిమిదులు 64. అంటే 44 శాతం కంబి అప్పటికే పోయింది. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. కప్పులో కంబి వెంబడే గీత గీసినట్టు పగుళ్లు కనిపిస్తే కారణం ఇదే. అడ్డదిడ్డంగా వెంట్రుక మందాన కనిపించే పూత పగుళ్లకు ఇంత భయపడక్కర్లేదు.

ఎందుకిలా అయిందంటే రెండు కారణాలు ఆ పెచ్చులోనే ఉన్నాయి. కంబి కింద కాంక్రీటు మందం, అంటే కవరు, కొలిస్తే 12 మిల్లీమీటర్లు. సముద్రతీరంలో కట్టే ఇంటికి కాంక్రీటు కట్టడాల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు బలం కనీసం ఎం-30 గ్రేడు ఉండాలి, కవరు 45 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోటైతే ఎం-35, 50 మిల్లీమీటర్లు. రెండోది, పెచ్చులో చిన్న చిన్న గవ్వ ముక్కలు. తీరం ఇసుక కలిపారు. ఆ ఇసుకలోని ఉప్పు కాంక్రీటులోనే ఉండిపోయి కంబిని లోపల్నించే తింటుంది. కలిపే నీళ్లకు కూడా ఇదే నియమం, కంబి ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇసుకను అనుమానిస్తే గుప్పెడు తీసి డిస్టిల్డ్ వాటరులో నానబెట్టి, తేరిన నీటిలో సిల్వర్ నైట్రేటు చుక్కలు వేస్తే చాలు. పాలలా తెల్లబడితే ఉప్పు ఉన్నట్టే.

పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తి రంగు వేయడం రిపేరు కాదు. కంబి వెనక్కి కూడా అంగుళం దాకా కాంక్రీటు తొలిచి, కంబి తెల్లగా మెరిసేదాకా శుభ్రం చేసి, నాలుగో వంతు మించి పోయిన చోట కొత్తది జతకట్టి, జింకు ప్రైమరు పూసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. కాంక్రీటంతా ఉప్పే అయినప్పుడు అదీ నిలవదు, పూసిన చోటికి పక్కన మళ్లీ లేస్తుంది. మేస్త్రీ మాట ఒక్కటే: స్లాబు పడగొట్టాల్సిందే. అంటే 4,80,000 పెట్టి కొంటున్న ఇంటికి, దాన్ని తీసేసే కూలి కూడా మనమే ఇవ్వాలి.

బోరు తిప్పితే నీళ్లు బాగానే వచ్చాయి, అందుకే అనుమానించాలి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో లీటరుకు 2,900 మిల్లీగ్రాములు చూపింది. తాగునీటికి బీఐఎస్ కోరేది 500, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే హద్దు 2,000. పక్కింటి ముసలమ్మకు మీటరు అవసరమే లేదు. ‘ఆ నీళ్లల్లో పప్పు ఉడకదు నాయనా, సబ్బు నురగ రాదు. మేం ఇసకలో చెలమ తీసుకుంటాం’ అంది. ఇసుక దిబ్బల్లో వాననీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరు ఉంటే కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. మోటారు పెట్టి పైన అడుగు తోడేస్తే కింద 40 అడుగుల మేర ఉప్పు పైకి వస్తుంది. చెలమలో చేదతో తోడుకుంటే మంచినీళ్లు దొరికే చోట లోతు బోరు వేస్తే ఉప్పునీళ్లు రావడానికి కారణం ఇదే. మిద్దె మీది వాననీటికి సంపు ఒకటి కట్టుకోవడం ఇక్కడ తప్పదు.

ఇక కాగితాలు. ఆ ఇంటికి ఉన్నవి పంచాయతీ పన్ను రసీదులు, ఒక నోటరీ అగ్రిమెంటు, దాని వెనక డీకేటీ ఇంటి పట్టా నకలు. రసీదులు హక్కు ఇవ్వవు, నోటరీ అమ్మకం కాదు. డీకేటీ అంటే ప్రభుత్వం ఇచ్చిన పట్టా, అలాంటి భూముల అమ్మకానికి 1977 అసైన్డ్ భూముల చట్టం ఆంక్షలు పెడుతుంది, అలాంటి సర్వే నంబర్లు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో పెడతారు. ఊరు, సర్వే నంబరు కొట్టి ఆ జాబితా చూసుకోవడం ఐదు నిమిషాల పని, బస్సెక్కక ముందే చేయాల్సింది. బ్రోకరు ఆ నంబరు చెప్పడానికి ఇష్టపడకపోతే విషయం అక్కడే అర్థమవుతుంది. దానికి తోడు ఇల్లు అలల నుంచి 150 మీటర్ల లోపే. తీర నియంత్రణ జోను 500 మీటర్లు, అందులో గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడం కుదరదు. 2019 నోటిఫికేషన్ జనం కిక్కిరిసిన పల్లెలకు దాన్ని 50 మీటర్లకు తగ్గించింది గానీ, ఇళ్లు పలచగా ఉన్న ఇలాంటి చోట 200 అనుకోవడమే క్షేమం. కొలత ఇవాళ అల తాకిన చోటి నుంచి కాదు, తీర మ్యాపులో గీసిన హైటైడ్ గీత నుంచి. అనుమతితో కట్టిన పాత ఇంటిని అదే కొలతలో బాగుచేసుకోవచ్చు. స్లాబు పడగొట్టాక ఈ ఇంటికి అనుమతి కాగితం చూపించమంటే ఎవరు చూపిస్తారు?

ఆ ఇల్లు వద్దని అక్కడే చెప్పేశాం. తిరిగొస్తుంటే కాలువకు ఇవతల, తీరానికి కిలోమీటరు పైగా లోపల, తాళం వేసిన పాత మిద్దె ఒకటి కనబడింది. సున్నపు గోడలు, తాటి దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుక, పైన సున్నం. మేస్త్రీ మొదటిసారి ఉత్సాహపడ్డాడు. కంబి లేని కప్పుకు తుప్పు భయం లేదు. దూలాల కొసలు గోడలో దూరే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చెదలు చూశాడు, రెండు తప్ప గట్టిగానే ఉన్నాయి. ఎవరో గోడలకు మోకాలెత్తున సిమెంటు పూశారు. సున్నపు గోడలో చెమ్మ ఆరే దారిని సిమెంటు మూసేస్తుంది, ఉప్పు ఇటుకలోనే పేరుకుని ఇటుక పొడి అయిపోతుంది. ఆ సిమెంటు తీసేసి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, మళ్లీ సున్నమే పూయాలి. కొత్త పూతలో సిమెంటు చిటికెడు కూడా వద్దన్నాడు.

ఆ మిద్దె ఉన్నది గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లుండే జాగా. డాక్యుమెంటు రిజిస్టరయిందేనట, హద్దులు మాత్రం మనుషుల పేర్లతో ఉన్నాయట. వారసులు ఐదుగురు, ఇద్దరు చెన్నైలో. అడ్వాన్సుకు ముందే ఆడపిల్లలతో సహా ఐదుగురి సమ్మతీ కాగితం మీద చూడాలి, తర్వాత డాక్యుమెంటు మీద ఐదుగురూ సంతకం పెట్టాలి. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీ 1983 నుంచి తీయించాలి, సర్వేయరు వచ్చి హద్దులు చూపాలి. ఖర్చుల్లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర. అది మనం రాసిన ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, రెండిట్లో ఎక్కువ దాని మీద. చేతికి నగదు ఇవ్వమంటారు, 20,000 గానీ అంతకు మించి గానీ అయితే బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

మిద్దె స్థలం ఇక్కడి కొలతలో 22 అంకణాలు, 176 గజాలు. ఊరి రేటు 24,000 చొప్పున 5,28,000 వరకు ఇస్తామని, కప్పుకు గోడలకు విడిగా ఏమీ కట్టబోమని వాళ్లకు ఫోన్లో చెప్పాం. చెన్నైవాళ్లు ఏడు అంటున్నారు. సర్వే కాగితం చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వదలచుకోలేదు.